పలకని పలక

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
విరిగిన క్యారమ్ బోర్డుల వెనక
ఎన్నేళ్లనుంచో పడి ఉంది వైబ్రాఫోన్.
స్టాకు రిజిస్టర్లో మాత్రం దాని పేరు
'ఇనుప బల్ల, పెద్దది, ఒకటి.'
ముప్పై ఏడు పలకలుండాలి.
ముప్పై ఆరున్నాయి.
మధ్యలో బి ఫ్లాట్ లేదు.
ఎవడో గేటుకు గడియగా బిగించుకున్నాడని ఒక కథ.

నేను గూడ్స్ గార్డును.
ఇప్పుడు ట్రైన్ మేనేజరంటున్నారు, జీతం అదే.
డ్యూటీ దిగి, లైన్ బాక్సు మూలన పెట్టి
మారెక్క చేత తాళం తీయిస్తాను.
"ఏంది సామీ, ఈ నడిరేత్రి గిన్నెలు తోముతాండావా?"
అంటుందామె, చీపురు దించకుండానే.

కర్రలు నాలుగు, చేతికి రెండేసి.
కొనల రబ్బరు బంతులకు
ఉరవకొండ కాడ కురుబ వన్నూరప్ప ఇచ్చిన గొంగడి నూలు చుట్టాను.
వదులుగా చుట్టింది బుజ్జగిస్తుంది,
బిగించి చుట్టింది తగాదాకొస్తుంది.
మోటారుకు దర్జీ కుట్టుమిషను బెల్టు.
గొట్టాల్లో రేకులు తిరిగితే స్వరం వణుకుతుంది,
మే నెల పట్టాల మీద గాలి వణికినట్టు.
కరెంటు పోతే ఆ వణుకూ లేదు, ఎముక ఒకటే.

నాకు నేర్పినోడు లెస్లీ, డీజిల్ షెడ్డు ఫోర్‌మన్.
పోయే ముందు ఒక మాట ఇచ్చిపోయాడు:
"ఒంటరిగా వాయించేటప్పుడు
డ్రమ్ములోడు రాలేదని జనానికి తెలియనీయకు."
ఆరేళ్లు ఆ మాట మోశాను.
ఎడమచేత్తో గోడ కట్టాను, కుడిచేత్తో సున్నం కొట్టాను,
ఈగ దూరే సందు వదల్లేదు.
పాట నిండింది.
ఊపిరాడలేదు.

పాసింజరుకు టైం టేబుల్ ఉంది, గూడ్సుకు లేదు.
పట్టాలు అవే. మద్దికెర, తుగ్గలి, పెండేకల్లు
ఎక్కడుండేవి అక్కడే.
ఏ లూపులో నిలబెడతారో, ఎంతసేపో,
ఎవరు ముందు దాటిపోతారో
బయల్దేరాకే తెలుస్తుంది.
జాజ్ అంటే ఏంది సార్ అని
కొత్తగా చేరిన పిల్లగార్డు అడిగితే
ఇంతకంటే చెప్పలేకపోయాను.
ఇది కూడా తర్వాత తట్టిన మాటే.

ఎందుకంటే ఒక రాత్రి
వేగంగా పైకెక్కుతూ మరిచిపోయి
లేని బి ఫ్లాట్‌ను కొట్టాను.
కర్ర ఖాళీలోకి దిగింది. తాడు 'తుప్' అంది.
చెయ్యి ఆగిపోయింది.
ఆ సందులో
యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి తాకుతూ
ధడ్, ధడ్, ధడధడ...
దూరందాకా పోయి చల్లారాయి.
అది విన్నాక గాని
తర్వాతి స్వరం ఏదో నాకు తెలియలేదు.

డ్రమ్ములోడు రాలేదు. తెలియనీ.
ఆయన కోసం కుర్చీ వేసి ఉంచాను, అంతే.
లెస్లీ ఉంటే తిట్టేవాడేమో.
మారెక్క మాత్రం గుమ్మంలో కూచోని
"నిన్నటిదాకా తిట్టినట్లుండె సామీ,
ఇయ్యాల ఏందో అడిగినట్లుండాది" అంది.

మొన్న షెడ్డు ఫిట్టరు దస్తగిరి
స్క్రాపులోంచి అల్యూమినియం కోసి, రెండు వారాలు రాకి
ఒక బి ఫ్లాట్ చేసి తెచ్చాడు.
వెంట్రుకవాసి తక్కువ పలుకుతుంది.
డబ్బులు తీసుకోలేదు, టీ తాగాడు.
బిగించి వాయించాను.
ముప్పై ఏడూ పలికాయి.
చేతులు మాత్రం పాత గుంతను తప్పుకుంటూనే నడిచాయి,
పూడ్చిన గుంతను తప్పించే ఎద్దుల్లాగా.
విప్పి లైన్ బాక్సులో పెట్టుకున్నాను,
ఎర్రజెండాకీ పచ్చజెండాకీ మధ్య.
ఉంచాలో తీయాలో ఇంకా తేల్చలేదు.

రాత్రి రెండు నలభైకి కాల్‌బాయ్ వచ్చాడు.
డోన్‌కు సిమెంటు బండి, వెంటనే.
సోలో సగంలో ఉంది. కిందికి దిగే దారి ఇంకా దొరకలేదు.
నాలుగు కర్రలూ ఒక్కసారి దించి,
పెడల్ మీది కాలు లేపకుండా వంగి
పక్కనున్న కడప బండ ముక్కను
కాలి స్థానంలోకి జరిపి
పరుగెత్తాను.

మోగుతానే ఉండింది, గేటు దాటేదాకా.
ఆ తర్వాత ఎంతసేపో
మారెక్కను అడగాల.